తెల్లవైపు తిప్పిన బిళ్ళ

ఆడపిల్లల హాస్టల్లో జీవితమంతా గడిపిన మనిషికి సొంత పేరంటూ మిగలదు. పిల్లలకు ఆమె మేట్రనమ్మ. వార్డెనుకు మేట్రనమ్మ. పాలు పోసే అతనికీ మేట్రనమ్మే. ఆఖరికి సొంత తమ్ముడు కూడా, ఎవరైనా ఆమె కోసం ఇంటికొస్తే, "మా మేట్రనమ్మ హాస్టల్లో ఉందండీ" అనేవాడు.

పొద్దున్నే గంట కొట్టడం, దుప్పట్లు సరిగ్గా మడతపెట్టారో లేదో చూడటం, జ్వరమొచ్చిన పిల్ల నుదుటిమీద తడిగుడ్డ వెయ్యడం, సాయంత్రం చదువుల హాలు గుమ్మంలో పీట వేసుకుని కూర్చోవడం, ఇవే ఆమె పనులు. పిల్లలు గొంతెత్తి వల్లె వేసే పాఠాలన్నీ ఆమె చెవిన పడేవి. ఏటా పిల్లలు మారేవాళ్ళు గాని పాఠం మారేది కాదు. "ధ్రువాల దగ్గర ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి" అని ఒక పిల్ల అరుస్తుంటే ఆమె పీటమీద నుంచే అడిగేది.

"ఆరు నెలలు పగలైతే అక్కడివాళ్ళు నిద్రపోయేదెప్పుడే?"

"అక్కడ ఎవరూ ఉండరు మేట్రనమ్మా. పెంగ్విన్లు ఉంటాయి."

"వాటికి మాత్రం నిద్ర రాదూ?"

ఆ సందేహం ఆమెకు అలాగే ఉండిపోయింది.

ఆ హాస్టల్ గేటు పక్క గోడకి ఒక చెక్కపలక ఉండేది. దానికి వరసగా మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో పిల్ల అంకె రాసిన బిళ్ళ. బిళ్ళకి ఒకవైపు ఎరుపు, ఒకవైపు తెలుపు. బయటికెళ్ళే పిల్ల ఎర్రవైపు తిప్పి వెళ్ళాలి, తిరిగొచ్చాక తెల్లవైపు తిప్పాలి. తిప్పడం మరిచిపోయిన పిల్లని వార్డెనమ్మ భోజనాల దగ్గర అందరి ముందూ నిలబెట్టేది. తలొంచుకుని అన్నం ముట్టని పిల్లని చూస్తే మేట్రనమ్మకి ముద్ద దిగేది కాదు. అందుకని వార్డెనమ్మ రాకముందే పలక దగ్గరికి వెళ్ళి, మరిచిపోయినవాళ్ళ బిళ్ళలు తనే తిప్పేసేది. చెప్పుల వరస చూస్తే ఎవరు లోపల ఉన్నారో ఆమెకి తెలిసిపోయేది. ఇన్నేళ్ళలో ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు. ఎవరికీ చెప్పుకోనూ లేదు. దేవుడు చూస్తే చాలనుకునేది.

ఉద్యోగం నుంచి విరమించాక, ఆమె చేతిలో పెరిగిన పిల్ల ఒకతె ప్రయాణాల ఆఫీసు నడుపుతూ, మంచు సముద్రానికి వెళ్ళే చిన్న ఓడలో ఆమెకి చోటు కుదిర్చింది. ఇంట్లో పెద్ద గొడవే అయింది.

"ఒక్కదానివేనా?" అన్నాడు తమ్ముడు.

"ఓడలో బోలెడంతమంది ఉంటారట."

"మంచు చూడాలంటే ఫ్రిజ్ తలుపు తెరిచి కూర్చో వదినా, ఛార్జీ కూడా ఉండదు" అంది మరదలు. అన్నదే గాని, ఆ సాయంత్రమే ఉన్ని మేజోళ్ళు అల్లడానికి కూర్చుంది. మనుషుల నోరు ఒకవైపు, చెయ్యి ఒకవైపు ఉంటాయి. దేవుడు చేతినే చూస్తాడని నా నమ్మకం.

ఓడలో ఒంటరిగా వచ్చినవాళ్ళని ఇద్దరిద్దరిని ఒక గదిలో వేశారు. మేట్రనమ్మకి జతపడినావిడ కూడా ఒంటరిగా వచ్చిందే. సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. మెడలో ఎప్పుడూ దుర్భిణి. భోజనం దగ్గర కూర్చున్నా కళ్ళు కిటికీలోనే. రెక్క ఆడిందంటే చెంచా కింద పెట్టేసేది. మొదటిరోజే అందరూ ఆమెకి పిట్టలావిడ అని పేరు పెట్టారు. మేట్రనమ్మ మోకాళ్ళు చూసి, అడక్కుండానే కింది మంచం ఆమెకి వదిలి తను పైమంచం ఎక్కిందావిడ.

"దిగేటప్పుడు నా నెత్తిమీద కాలు పెట్టకు పిల్లా" అంది మేట్రనమ్మ.

"నాకు యాభై దాటాయి అక్కయ్యా. పిల్లనేమిటి?"

"నాకు అందరూ పిల్లలే. అలవాటు."

ఒడ్డుకి దిగడానికి ఓడ అడుగున పక్కతలుపు ఒకటుంది. దాని ముందున్న గదిని బూట్ల గది అనేవారు. అక్కడ ప్రతి ప్రయాణికుడికీ ఒక అర, అందులో అంకె వేసిన రబ్బరు బూట్లు. వాటిని మందునీళ్ళలో కడిగి, ఎండగట్టి, మళ్ళీ అరలో పెట్టే ముసలి నావికుణ్ణి బూట్ల తాత అనేవారు. అందరూ తాత అంటున్నా మేట్రనమ్మ మాత్రం అన్నయ్య అనేది. ఆయన తనకంటే పెద్దగా ఏమీ లేడు. గడ్డమే తెల్లబడింది. ఆమె మేజోళ్ళు వేడిగొట్టం మీద పెట్టి, "వెచ్చగా ఉన్నాయి చెల్లెమ్మా, తొడుక్కో" అనేవాడు.

ఆ గది గోడమీద ఆమె చూసింది చెక్కపలక. దానికి మేకులు. మేకులకి బిళ్ళలు. దిగేవాళ్ళు ఎర్రవైపు తిప్పాలి, ఎక్కాక తెల్లవైపు తిప్పాలి.

"ఇదేదో మన హాస్టలే!" అని ఆమె పైకే అనేసింది. అంత దూరం వచ్చాక సొంత గుమ్మం ఎదురైనట్టయింది.

మొదటిసారి ఒడ్డున దిగినప్పుడు పట్టపగటి వెలుగులో పెంగ్విన్లు నిలబడే కునుకు తీస్తున్నాయి. మేట్రనమ్మ చూసి చూసి, "చదువుల హాల్లో మా పిల్లలు నయం, కూర్చుని తూగేవాళ్ళు" అంది. గైడులందరికీ నాయకుడైన పెద్ద గైడు నవ్వు ఆపుకోలేకపోయాడు. కానీ ఆయన నవ్వు అంతవరకే. ఓడ ఎక్కగానే పలక ముందు నిలబడి బిళ్ళలు చూసేవాడు. ఒక్క ఎరుపు మిగిలినా లౌడ్‌స్పీకర్లో అంకె చదివేవాడు. ఓడంతా ఆగిపోయేది.

మొదటిరోజు చదివింది పిట్టలావిడ అంకె. గదిలోనే ఉంది. ఓడ వెంట వచ్చే ఏదో తెల్లపిట్టని కిటికీలోంచి చూస్తూ తిప్పడం మరిచిపోయింది. రెండోరోజూ ఆమె అంకే చదివారు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి భోజనాల హాల్లో చప్పట్లు కొట్టింది. పెద్ద గైడు ఆమెని పక్కకి పిలిచి మెల్లగానే చెప్పాడు.

"అమ్మా, ఇంకొక్కసారి జరిగితే మిగతా చోట్ల మిమ్మల్ని దింపను. మీమీద కోపం కాదు. ఇక్కడ మనిషి తప్పిపోతే వెతకడానికి సముద్రం టైమివ్వదు."

గదిలోకొచ్చి పిట్టలావిడ దుర్భిణి అద్దాలు తుడుస్తూ కూర్చుంది. తుడిచిందే తుడిచింది.

"నాకు చిన్నప్పట్నుంచీ ఇంతే అక్కయ్యా. పిట్ట కనపడితే ఒళ్ళు తెలీదు. అందుకే నాతో ఎవరూ రారు. ఒంటరిగా తిరుగుతాను. పిట్టలు ఎక్కువుండే ఆ ఆఖరిచోట దింపకపోతే ఇంత దూరం వచ్చి ఏం లాభం?"

"దింపకపోవడమేమిటి? నేను లేనూ?" అంది మేట్రనమ్మ.

ఆ మాట ఆమె ఆలోచించి అన్నది కాదు. హాస్టల్లో ఏడ్చే ప్రతి పిల్లతోనూ అలాగే అనేది.

మూడోరోజు ఒక అఖాతంలో ఓడ ఆగింది. చుట్టూ నల్లరాతి కొండలు, మధ్యలో అద్దంలాంటి నీళ్ళు. అందరూ దిగారు. పిట్టలావిడ దిగగానే బయల్దేరి, గైడులు జెండాలు పాతిన హద్దు చివరికంటా వెళ్ళి రాళ్ళ పక్కన కూర్చుంది. గూళ్ళ దగ్గర కదలకుండా కూర్చుంటే పిట్టలు దగ్గరికొస్తాయని ఆమెకి తెలుసు. మేట్రనమ్మ కాసేపు మంచులో తిరిగి, మోకాళ్ళు పట్టెయ్యడంతో ముందు పడవలోనే ఓడకి తిరిగొచ్చేసింది. వేడినీళ్ళ స్నానం చేసి, కాళ్ళకి మందు రాసుకుని, వేడివేడి సూపు పోస్తున్నారని వినిపిస్తే పైకి బయల్దేరింది. దారిలో బూట్ల గది వైపు తొంగిచూసింది. అప్పటికి పడవలు గబగబా తిరుగుతున్నాయి. గాలి లేచిందని, తొందరగా రమ్మని ఒడ్డునున్నవాళ్ళని కేకేస్తున్నారు. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు.

ఆమె పలకకేసి చూసింది. పిట్టలావిడ బిళ్ళ ఎర్రగా ఉంది. అరలోకి చూసింది. పిట్టలావిడ బూట్లు, ఆమె అంకె వేసినవే, అరలో ఉన్నాయి. వాటినుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"మళ్ళీ మరిచింది పిచ్చి పిల్ల" అనుకుంది.

మెట్లమీద పెద్ద గైడు బూట్ల చప్పుడు. వచ్చి పలక చూస్తాడు, అంకె చదువుతాడు, అంతే, ఆఖరిచోటు పోయినట్టే. మేట్రనమ్మ చెయ్యి ఎత్తింది. బిళ్ళని తెల్లవైపు తిప్పింది. ఎప్పటిలాగే ఎవరికీ చెప్పకుండా పైకి వెళ్ళిపోయింది.

సూపు సగం తాగేసరికి నేల కింద ఇంజను గురగుర మొదలైంది. ఓడ కదిలింది. గాలికి పెద్ద పెద్ద మంచుపలకలు అఖాతంలోకి కొట్టుకొస్తున్నాయని, లోపల చిక్కుకోకుండా బయటికి పోతున్నామని కెప్టెన్ గొంతు వినిపించింది. కిటికీలకి మంచుపొడి కొడుతోంది. వడ్డించే అతను ఒలికిపోకుండా ఒక్కొక్కరి గిన్నె కిందా తడిగుడ్డ పెట్టుకుంటూ వెళ్ళాడు.

పిట్టలావిడ సూపుకి రాలేదు. మేట్రనమ్మ ఒక గిన్నెలో పోయించుకుని, మూతపెట్టుకుని, గోడ పట్టుకుంటూ గదికి వెళ్ళింది.

"పిల్లా, లేచి ఇది తాగు, చల్లారిపోతుంది."

పైమంచం మీద దుప్పటి పొద్దున మడతపెట్టినట్టే ఉంది. మేకుకి ఆవిడ ఎర్రకోటు లేదు. స్నానాలగది తలుపు తెరిచే ఉంది.

డెక్కుమీద ఉంటుందిలే అనుకుంది. పిట్టలు చూడక ఏం చేస్తుంది! డెక్కు తలుపులకి గొలుసులు వేసేశారు, గాలికి ఎవరినీ వెళ్ళనివ్వడంలేదు. పుస్తకాల గదిలో చూసింది. అక్కడ ఒక ముసలాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. భోజనాల హాలంతా చూసింది. కొత్తజంట పేకాడుకుంటున్నారు.

"ఏంటాంటీ, కోడిపిల్ల తప్పిపోయిందా?" అన్నాడు పెళ్ళికొడుకు.

"పిట్టలావిడని చూశావా నాయనా?"

"పిట్ట కదా, ఎగిరిపోయుంటుంది" అని నవ్వాడు. అతని పెళ్ళాం ఆమె మొహం చూసి మొగుడి మోచేతిమీద గిల్లింది. "చూళ్ళేదండీ. పడవలో కూడా మాతో లేదు" అంది.

మేట్రనమ్మ వెనక్కి తిరిగింది. గబగబా మెట్లు దిగింది. మోకాళ్ళ సంగతి గుర్తే లేదు. బూట్ల గదిలో తాత ఒక్కడే నేల తుడుస్తున్నాడు. పలకమీద బిళ్ళలన్నీ పాలమీగడలా తెల్లగా ఉన్నాయి.

"అన్నయ్యా, ఈ అరలో బూట్లున్నాయే, ఈవిడ ఎప్పుడొచ్చింది?"

తాత బూట్లకేసి చూశాడు. "అవా? పొద్దున దిగేటప్పుడే ఎడమకాలిది చిల్లుపడింది చెల్లెమ్మా, నీళ్ళు పీలుస్తోంది. స్టోరులోంచి వేరే జత ఇచ్చాను, అంకె లేనిది. ఇవి కడిగి ఇప్పుడే అరలో పెట్టా. ఏం?"

ఆమె అరని పట్టుకుని నిలబడింది.

ఒక్క క్షణం ఆమెకి ఇంకో ఆలోచన వచ్చింది. ఓడ పెద్దది, ఏ మూలో కూర్చుని ఉంటుంది. ఇప్పుడు వెళ్ళి అరిచాక ఆ మనిషి నవ్వుతూ ఎదురొస్తే? మంచులోంచి బయటపడుతున్న ఓడని వెనక్కి తిప్పించిన పిచ్చిదాన్నవుతాను. ఇంకోసారి గదికి వెళ్ళి చూస్తే? ఇంకోసారి పుస్తకాల గది చూస్తే? ఆ ఆలోచన మెత్తగా, ఎంతో బుద్ధిగా మాట్లాడింది. సైతాను ఎప్పుడూ అలాగే మాట్లాడతాడని మా చిన్నప్పటి పంతులుగారు చెప్పేవారు, కేకలెయ్యడట.

"భగవంతుడా, నా కాళ్ళకి బలమియ్యి" అని మాత్రం అనుకుని ఆమె మెట్లెక్కడం మొదలుపెట్టింది. కెప్టెన్ ఉండే గది ఓడ పైకొసన ఉంటుంది. ఊగుతున్న ఓడలో రెండు చేతులా కమ్మీ పట్టుకుని, ఒక్కో అంతస్తూ ఎక్కుతూ, ఎదురొచ్చినవాళ్ళని ఒకటే మాట అడిగింది, "పిట్టలావిడ కనపడిందా?" ఎవరికీ కనపడలేదు. పైగది తలుపుమీద అనుమతి లేనిదే రాకూడదని రాసుంది. ఆమె తలుపు తోసింది.

లోపల కెప్టెన్, పెద్ద గైడు కిటికీలోంచి మంచుపలకల్ని చూస్తున్నారు.

"అమ్మా, ఇప్పుడు ఇక్కడికి రాకూడదు" అన్నాడు పెద్ద గైడు.

"మనిషి ఒడ్డున ఉండిపోయింది నాయనా."

"లేదమ్మా. పలక చూసే కదా బయల్దేరాం. అందరూ తెలుపే. ఒడ్డున ఆఖర్న ఉన్న గైడు కూడా అందరూ వచ్చేశారా అని రేడియోలో అడిగాకే పడవెక్కాడు."

"పిట్టలావిడ బిళ్ళ తెల్లగా ఉంది. తిప్పింది ఆవిడ కాదు. నేను."

కెప్టెన్ కిటికీ దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు.

"బూట్లు అరలో ఉన్నాయని తిప్పాను. ఆ బూట్లు చిల్లుపడి మార్చుకుందట. గదిలో లేదు, హాల్లో లేదు, పడవలో చూసినవాళ్ళు లేరు. ఆవిడ ఒడ్డుమీదే ఉంది. తప్పు నాది. మీరు నన్ను ఏమైనా చెయ్యండి. ముందు ఓడ తిప్పండి."

పెద్ద గైడు మొహంలో నెత్తురు లేదు. ఆమెని తిడతాడనుకుంది. తిట్టలేదు. "జెండాలు పీకేటప్పుడు మావాళ్ళు రాళ్ళ వెనక చూడలేదు. పలక తెల్లగా ఉందన్నారని వచ్చేశారు" అన్నాడు తనలో తాను. వెంటనే మైకు అందుకుని పిట్టలావిడ అంకె చదివాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఎవరూ బదులివ్వలేదు.

కెప్టెన్ మేట్రనమ్మని ఒకటే అడిగాడు. "ఎక్కడ కూర్చుందో మీకు తెలుసా?"

"ఆఖరి జెండా దగ్గర, పెద్దరాయి పక్కన."

ఆయన చక్రం తిప్పించాడు. ఓడ వంగి తిరిగింది. కింద ఎక్కడో గిన్నెలు పగిలిన చప్పుడైంది.

అఖాతం నోటిదగ్గర మంచుపలకలు అప్పుడే ఒకదానిమీద ఒకటి ఎక్కుతున్నాయి. ఓడ లోపలికంటా వెళ్ళలేదు. వెళితే బయటికి రాలేదు. పెద్ద గైడు, ఇంకొక నావికుడు రబ్బరు పడవ దించుకుని పలకల సందుల్లోంచి వెళ్ళారు. పొగలాంటి మంచులో పడవ కాసేపటికే కనపడకుండా పోయింది.

మేట్రనమ్మ బూట్ల గదిలో పక్కతలుపు ఎదురుగా నిలబడింది. తాత పీట వేశాడు. కూర్చోలేదు. గోడకున్న రేడియోలో పడవవాళ్ళ మాటలు ముక్కలుముక్కలుగా వస్తున్నాయి.

"ఒడ్డు కనపడటంలేదు..."

గరగర.

"దిగాం. జెండాల చోటికి నడుస్తున్నాం."

గరగర. చాలాసేపు గరగర.

"పెద్దరాయి దగ్గరున్నాం. ఇక్కడెవరూ లేరు."

మేట్రనమ్మ కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి గాని, ఏమని ప్రార్థించాలో తెలియలేదు. నన్ను క్షమించు అనాలా? ఆ మాట అనడానికి కూడా సిగ్గేసింది. క్షమాపణ తరవాత, ముందు ఆ మనిషి. "ఆవిడ చేతులు వెచ్చగా ఉంచు. ఆవిడ చేతులు వెచ్చగా ఉంచు" అంటూ ఉండిపోయింది. వెనక మెట్లమీద జనం పోగయ్యారు. కొత్త పెళ్ళికొడుకు తన కోటు విప్పి చేతిమీద వేసుకుని నిలబడ్డాడు, వచ్చే మనిషికి కప్పడానికి. వంటవాళ్ళు వేడినీళ్ళ సంచులు తెచ్చి తాతకి ఇచ్చారు.

రేడియోలో కెప్టెన్ గొంతు. "పలకలు మూసుకుపోతున్నాయి. ఇంకెంతోసేపు మిమ్మల్ని అక్కడ ఉంచలేను."

"ఇంకాస్త. ఇంకొక్క వంక చూస్తాం."

గరగర.

అప్పుడు రేడియోలో సన్నగా ఒక కూత వినిపించింది. ఏ పిట్టో అనుకున్నారు. మళ్ళీ వినిపించింది. అది ఒకే శ్రుతిలో ఉంది.

"విజిల్!" అన్నాడు తాత. "లైఫ్‌జాకెట్టు విజిల్ అది. నీళ్ళదగ్గర ఉంది, నీళ్ళదగ్గర!"

ఓడ కదలడం చూసి పిట్టలావిడ రాయి దగ్గరనుంచి పడవలు ఆగేచోటికి నడిచొచ్చిందట. అక్కడే గట్టున ఆనుకుని, పాదాలు నేలకేసి కొడుతూ, ఊపిరున్నంతసేపు విజిల్ ఊదుతూ ఉందట. గాలి ఒడ్డుమీదికి కొడుతుంటే ఆ చప్పుడు కొండల్లోకి పోయింది గాని, ఓడవైపు రాలేదు.

పడవ ఓడకి ఆనుకుంది. నలుగురు చేతులందించి పైకి లాగారు. పిట్టలావిడ పెదవులు నీలంగా ఉన్నాయి, కనుబొమలమీద మంచు పేరుకుంది. పెళ్ళికొడుకు కోటు కప్పాడు. ఆమె చుట్టూ చూసి, మేట్రనమ్మ కనపడగానే రెండు చేతులూ చాచి వచ్చి కావలించుకుంది.

"మీరే చెప్పారట కదా అక్కయ్యా! పడవలో చెప్పారు. మీరు పరిగెత్తుకెళ్ళి చెప్పకపోతే ఓడ వెనక్కి వచ్చేది కాదట. నాకెవరున్నారు, ఎవరికి గుర్తొస్తాను అనుకున్నాను అక్కడ. మీకు గుర్తొచ్చాను."

మేట్రనమ్మ ఆమె భుజంమీద నుంచి చూసింది. పెద్ద గైడు కళ్ళు దించుకున్నాడు. తాత బూట్లు సర్దడంలో పడ్డాడు. వాళ్ళు కావాలనే సగం మాటే చెప్పారు. అడక్కుండా వాళ్ళు ఆమెకి ఒక దయ చేశారు, అచ్చం ఆమె హాస్టల్లో పిల్లలకి చేసినట్టే. ఊరుకుంటే చాలు. ఆ కౌగిలి అలాగే ఉండిపోతుంది.

ఆమె పిట్టలావిడ చేతుల్ని మెల్లగా విడిపించి, తన చేతుల్లో పట్టుకుంది.

"నిన్ను వదిలేసి రావడానికి కారణం నేనేనమ్మా. నువ్వు వచ్చేశావనుకుని నీ బిళ్ళ నేను తిప్పాను. నీకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. మంచి చేస్తున్నాననుకున్నాను."

పిట్టలావిడకి మొదట అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. చేతులు వెనక్కి లాక్కుంది.

"నేను మిమ్మల్ని అడిగానా?" అంది.

"లేదు."

"నేను వచ్చానో లేదో గదికెళ్ళి చూశారా?"

"లేదమ్మా."

"ఓడ వెళ్ళిపోతోంది అక్కయ్యా. నేను చూస్తున్నాను, అది వెళ్ళిపోతోంది." ఓడ డాక్టరు వచ్చి పిట్టలావిడని తీసుకెళ్ళాడు.

ఆ రోజంతా పిట్టలావిడ డాక్టరు గదిలోనే ఉంది. మేట్రనమ్మ తలుపు బయట సూపు పెట్టి వచ్చింది. లోపలికి వెళ్ళలేదు. గిన్నె ఖాళీ చేసి బయటపెట్టి ఉంటే అదే చాలనుకుని తీసుకెళ్ళింది. కెప్టెన్ ఆమెని పిలిచి మందలించాడు. తరవాత ఓడవాళ్ళు, బిళ్ళ తిరగ్గానే సరికాదు, తలుపు దగ్గర ఒక మనిషి మొహం చూసి పంపాలని కట్టుదిట్టం చేశారు. పెద్ద గైడు అందరి ముందూ తన తప్పు కూడా ఒప్పుకున్నాడు.

మర్నాడు గాలి పూర్తిగా పడిపోయింది. ఆఖరిచోట దింపుతున్నామని పిలుపు వచ్చింది. మేట్రనమ్మ కదలకుండా మంచంమీదే కూర్చుంది. తలుపు తెరుచుకుంది. పిట్టలావిడ, వేళ్ళకి కట్లతో, కోటు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"మీరు రారా?"

"ఏ మొహం పెట్టుకుని దిగమంటావు పిల్లా?"

"ఉన్న మొహమే పెట్టుకుని రండి. నాకింకా కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలీదు." వేళ్ళ కట్లకేసి చూసుకుని అంది, "కానీ ఒక్కదాన్నే దిగాలంటే భయంగా ఉంది. ఎప్పుడూ లేదు నాకు ఆ భయం. వెనకాల ఉండండి. పడవొస్తే కేకెయ్యండి, తిట్టండి. నాకు చెప్పకుండా మాత్రం నా పని ఏదీ చెయ్యొద్దు."

"చెయ్యను" అంది మేట్రనమ్మ. బూట్లు తొడుక్కోవడానికి లేచింది.

ఒడ్డున పిట్టలావిడ మళ్ళీ అలాగే కూర్చుంది, దుర్భిణి కళ్ళకి పెట్టుకుని, లోకం మరిచిపోయి. మేట్రనమ్మ నాలుగడుగుల దూరంలో నిలబడింది. మోకాళ్ళు పీకుతున్నాయి. కూర్చోలేదు. కింద నీళ్ళదగ్గర పడవ వచ్చి హారన్ కొట్టింది. పిట్టలావిడకి వినపడలేదు. మేట్రనమ్మ చెయ్యి ఆమె భుజం దాకా వెళ్ళి ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకుని, ఊపిరి పీల్చుకుని, మూడంతస్తుల హాస్టల్ని ఒక్కగొంతుతో నిద్రలేపిన ఆ గొంతుతో పిలిచింది.

"పిట్టలమ్మా! పడవొచ్చింది, లే!"

కొండ ప్రతిధ్వనించింది. దూరంగా పెద్ద గైడు పిట్టలు బెదురుతాయని వేలు పెదవులమీద పెట్టుకుని చూశాడు. పిట్టలావిడ ఉలిక్కిపడి లేచి, కోటుమీది మంచు దులుపుకుంది.

"ఇంకాస్త మెల్లగా పిలవచ్చు" అంది, మొహంలో నవ్వు లేకుండానే.

"వినపడకపోతేనో?"

పిట్టలావిడ దుర్భిణి కోటులో పెట్టుకుంది. దిగువకి నడవడం మొదలుపెట్టింది. కొంచెం దూరం వెళ్ళాక వెనక అడుగుల చప్పుడు నెమ్మదించడం విని, మంచులో ఆగి, మేట్రనమ్మ వచ్చేదాకా నిలబడింది.